నంబర్ తొమ్మిదికి పేరు లేదా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఫుట్‌బాల్ టోర్నమెంటు కమిటీలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీలో కొందరికి నేను డ్రిల్లు మాస్టారుగా తెలుసు. మిగతా వాళ్ళకి ఫైనల్ రోజు గీత పక్కన జెండా పట్టుకుని పరిగెత్తలేక పరిగెత్తే ముసలాయనగా తెలిసి ఉంటాను. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు ఈల ఊది రిటైరయ్యాను. అలవాటు పోక ఇప్పటికీ పొద్దున ఆరింటికి గ్రౌండుకి వెళ్తున్నాను. మీ మీద కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. కొంచెం ఉంది గానీ, అది మధ్యలో వస్తుంది.

మొన్న సంక్రాంతికి మా మండలంలో ఒకే రోజు రెండు పోటీలు జరిగాయి. పగలు చెరువు కట్ట కింద బండలాగుడు, రాత్రి హైస్కూలు గ్రౌండులో ఫ్లడ్ లైట్ల కింద ఫుట్‌బాల్ ఫైనల్. రెండిటికీ వెళ్ళాను.

బండ దగ్గర మైకు పట్టుకున్నాయన జత ఇంకా బరిలోకి రాకముందే మొదలుపెట్టాడు. యజమాని పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా. దాపటి ఎద్దు ఎవరి దొడ్లో పుట్టింది, వలపటి ఎద్దుని ఏ ఊళ్ళో కొన్నారు, పోయినేడు ఎక్కడ ఫస్టు కొట్టింది. పాలపళ్ళ విభాగమా, రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, నోరు తెరిచి చూసి మరీ బరిలోకి వదిలారు. వయసు దగ్గర మోసం కుదరదు.

రాత్రి ఫుట్‌బాల్ మైకు ఇంకోలా ఉంది. ‘నంబర్ తొమ్మిది బాల్ తీసుకున్నాడు, నంబర్ తొమ్మిది ముందుకెళ్తున్నాడు, నంబర్ తొమ్మిది గోల్!’ ఎవరా నంబర్ తొమ్మిది అని డయాస్ మీద అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టీము లిస్టు చూపించమంటే ఆహ్వాన పత్రిక వెనక రాసిన కాగితం ఇచ్చారు. పదకొండు నంబర్లు, ఆరు పేర్లు. ఊరు లేదు, వయసు లేదు. గెలిచిన టీములో మన రెండు జిల్లాల వాడు ఒక్కడూ లేడని తర్వాత తెలిసింది. మ్యాచ్‌కి ఇంతని మాట్లాడుకుని చెన్నై వైపు నుంచి వచ్చారట. డబ్బులు పంచుకుని తెల్లారి పినాకిని రైలెక్కి వెళ్ళిపోయారు.

వాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళూ కూలికి వచ్చిన పిలకాయలే. కాలు విరిగితే ఎవరు చూస్తారని ఒకణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కేరళలో మలప్పురంలో జట్టుకి ఏడుగురేసి ఆడే సెవెన్స్ టోర్నమెంట్లకి ఆఫ్రికా దేశాల నుంచి కుర్రాళ్ళని సీజన్‌కి మాట్లాడి తెచ్చుకుంటారు. మనది దానికి చిన్న తమ్ముడు. నా బాధ అది కాదు. అదే గ్రౌండులో ఏడాది పొడుగునా చెప్పుల్లేకుండా ఆడిన మన పిలకాయలు ఆ రాత్రి గోల్ పోస్టు వెనక కూర్చుని, బయటికెళ్ళిన బంతులు ఏరి ఇచ్చారు. వాళ్ళలో ఏ ఒక్కడి పేరూ మన రెండు జిల్లాల్లో ఏ పుస్తకంలోనూ లేదు.

ఎద్దుకున్న చిరునామా పిల్లవాడికి లేకపోవడం గురించే ఈ లేఖ.

నేను పుట్టింది టంగుటూరు దగ్గర. మా నాయనకి రెండెకరాల పొగాకు, ఒక జత ఎద్దులు ఉండేవి. అందుకేనేమో, బ్రెజిల్ అనగానే అందరికీ పీలే గుర్తొస్తే నాకు ముందు ఎద్దు గుర్తొస్తుంది. మన ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి ఆ దేశం చేరాయి. అక్కడ ఆ జాతిని పిలిచే పేరు ‘నెలోర్’. అవునండీ, మన నెల్లూరే. ఇవాళ బ్రెజిల్ మాంసపు మందల్లో ఎక్కువ భాగం ఈ జాతే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటాని వేలం వేస్తే, పలికిన ధరని బట్టి మొత్తం ఆవుకి దాదాపు 43 లక్షల డాలర్ల విలువ తేలింది. మన రూపాయల్లో ముప్పై అయిదు కోట్ల పైమాటే. ఆ వార్త చదివినప్పుడు మా నాయన బతికి ఉంటే బాగుండేదనిపించింది. ఒట్టి అబద్ధం అని పేపరు మడిచి పక్కన పెట్టేవాడు.

అంత ధర ఎందుకు పలికింది? ఆవు బాగుంటుంది, నిజమే. కానీ బాగుండే ఆవులు మన దొడ్లలోనూ పుట్టాయి. అక్కడ దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఆ తండ్రికి తండ్రి ఎవరు, ఏ వయసుకి ఎంత బరువు తూగింది అన్నది పుస్తకంలో ఉంటుంది. కొనేవాడు ఆవుతో పాటు ఆ పుస్తకాన్నీ కొంటాడు. మన దగ్గర చదలవాడ పశుక్షేత్రం ఉంది, కాదనను. మా నాయన లాంటి రైతు దొడ్లో పుట్టిన దూడకి మాత్రం ఎవరూ కాగితం ఇవ్వలేదు. పలుపు మార్చి బేరగాడు తోలుకుపోయాడు. అది తర్వాత ఎక్కడ బండ లాగిందో, ఎన్ని బహుమతులు తెచ్చిందో మాకు తెలియదు. మేము చూసింది బేరం నాటి డబ్బు ఒక్కటే.

ఆవులో వాటాలు అమ్మిన ఆ దేశంలోనే ఆటగాళ్ళలోనూ వాటాలు అమ్మారు. బ్రెజిల్ ఆటగాడు నేమార్ శాంటోస్ క్లబ్బులో ఆడే కుర్రాడిగా ఉన్నప్పుడే అతని బదిలీ హక్కుల్లో 40 శాతాన్ని సూపర్ మార్కెట్ల వ్యాపారం చేసే కుటుంబానికి చెందిన సంస్థ కొనేసింది. పెద్ద క్లబ్బు వచ్చి కొనుక్కుంటే ఆ సొమ్ములో 40 శాతం తమదని లెక్క. తర్వాత ఆ లెక్క మీద కోర్టుల్లో ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి. ఇలా బయటివాళ్ళు ఆటగాడిలో వాటా పెట్టుకోవడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా 2015 మే నుంచి పూర్తిగా నిషేధించింది. దూడని చిన్నప్పుడే చవగ్గా కొని పళ్ళు పడేదాకా మేపి అమ్ముకునే బేరం మనకి కొత్త కాదు కాబట్టి ఈ సంగతి మనకి తొందరగానే అర్థమవుతుంది.

ఆ నిషేధం కన్నా ముందు నుంచీ ఫిఫా దగ్గర ఇంకో నియమం ఉంది. మీరు దృష్టి పెట్టి చదవాల్సింది ఇదే. ఒప్పందం నడుస్తుండగా ఆటగాడు ఒక దేశపు క్లబ్బు నుంచి ఇంకో దేశపు క్లబ్బుకి డబ్బుకి బదిలీ అయితే, ఆ సొమ్ములో 5 శాతం తీసి పక్కన పెట్టాలి. 12వ ఏట నుంచి 23వ ఏట దాకా అతన్ని తయారు చేసిన క్లబ్బులన్నిటికీ అది పంచాలి. చిన్న క్లబ్బా పెద్ద క్లబ్బా అని చూడరు. 12 నుంచి 15 వరకు ఒక్కో సీజన్‌కి ఆ పక్కన పెట్టిన దాంట్లో 5 శాతం, 16 నుంచి 23 వరకు ఒక్కో సీజన్‌కి 10 శాతం.

లెక్క వేసి చెప్తాను, డ్రిల్లు మాస్టారికి లెక్కలేం వస్తాయి అనుకోకండి. కోటి రూపాయల బదిలీ అనుకుందాం. 5 శాతం అంటే 5 లక్షలు. మన దగ్గర 12 నుంచి 15 దాకా నాలుగు సీజన్లు ఆడిన పిల్లవాడైతే సీజన్‌కి 25 వేలు, మొత్తం లక్ష రూపాయలు మన క్లబ్బుకి రావాలి. 16వ ఏడు కూడా మన దగ్గరే ఉంటే ఇంకో 50 వేలు. 2017లో నేమార్‌ని పారిస్ క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలు కట్టి తీసుకుంది. దాని 5 శాతం ఎంతో మీరే వేసుకోండి. 2022 నవంబరు నుంచి ఈ పంపకాలకి ఫిఫా ఒక క్లియరింగ్ హౌస్ కూడా పెట్టింది. అది ఆటగాడి రిజిస్ట్రేషన్ల చరిత్రను తవ్వి, ఏ ఏడు ఏ క్లబ్బులో ఉన్నాడో చూసి లెక్క తేలుస్తుంది. రిజిస్ట్రేషన్ లేని ఏడు లెక్కలోకి రాదు. అంటే మన ఏళ్ళన్నీ ఖాళీ గళ్ళే.

మాయ మాటలు చెప్పే వయసు కాదు నాది. ఈ నియమంతో మన గ్రౌండు మీద డబ్బు వర్షం కురవదు. మన దేశపు ఆటగాళ్ళు డబ్బు బదిలీ మీద బయటి దేశాలకి వెళ్ళడమే అరుదు. అయితే తెలుగు పిల్లలకి దేశం దాటే యోగ్యత లేదని ఎవరూ అనకండి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. రేపు మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో ఒక పిల్ల అలా వెళ్తే, ఆ పిల్ల మొదట బంతి తన్నింది మన ఇసకలో అని రుజువు చేయడానికి మన దగ్గర ఏముంది? షీల్డు పక్కన నిలబడి దిగిన ఫొటో ఉంటుంది. అందులో ఎమ్మెల్యే గారు మధ్యలో ఉంటారు, పిల్లలు అంచుల్లో సగం సగం కనపడతారు.

ఇప్పుడు ఆ కోపం సంగతి.

నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. పేర్లు రాయండని మిమ్మల్ని అడిగే లేఖలో అతని పేరు నేను రాయడం లేదు. అతనే వద్దన్నాడు. పట్టపుపాలెం పిల్లవాడు, తండ్రి సముద్రం మీదకి వెళ్తాడు. ఆరో తరగతిలో నా దగ్గరికి వచ్చాడు. కుడి కాలు మామూలే గానీ ఎడం కాలు మాత్రం దేవుడిచ్చింది. పదిహేనో ఏట ఒక టోర్నమెంటులో చూసి, వేరే ఊరి అకాడమీ వాళ్ళు తీసుకెళ్తామన్నారు. హాస్టలు, చదువు, బూట్లు అన్నీ వాళ్ళవే అన్నారు. తండ్రి నన్ను అడిగాడు. నేనే పంపించమన్నాను. ఆ తప్పు నాది, దాన్ని ఇంకొకరి మీద పెట్టను. పదో తరగతి సర్టిఫికెట్టు, పుట్టిన తేదీ కాగితం ఒరిజినల్సే ఇచ్చి పంపాం. వాళ్ళు రాసిచ్చిన కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు.

రెండో ఏడు మోకాలు మెలిపడింది. నెల రోజులు ఐసు పెట్టించి మళ్ళీ ఆడించారు. ఇంకా పాడైంది. ఆపరేషన్‌కి లక్షలవుతాయని ఇంటికి పంపేశారు. ఒరిజినల్స్ కోసం నేను మూడుసార్లు తిరిగాను. హాస్టలు బాకీ కడితే ఇస్తామన్నారు. అన్నీ మావే అన్నారు కదా అంటే, అలా రాసిన కాగితం ఏదీ అని అడిగారు. ఎక్కడుంది కాగితం? వాళ్ళ నుంచి నో అబ్జెక్షన్ రాలేదని మరుసటి ఏడు ఇక్కడ కూడా ఆడనివ్వలేదు. మోకాలు కుంటుతూనే ఆడదామనుకున్నాడు పిచ్చివాడు. ఇప్పుడు రొయ్యల చెరువులకి మేత బస్తాలు వేసే ఆటో నడుపుతున్నాడు. క్లచ్చు ఎడం కాలితో తొక్కే బండి నడపలేక ఆటో తీసుకున్నానని నవ్వుతూ చెప్తాడు. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకుంటాను.

ఈ కథ మన దగ్గరే పుట్టిందని అనుకోవద్దు. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మాన్ అని ఒకాయన ఉండేవాడు. మధ్యరకం ఆటగాడు, పీలే కాదు, మారడోనా కాదు. 1990లో లీజ్ అనే ఊరి క్లబ్బుతో అతని ఒప్పందం ముగిసింది. ఫ్రాన్సులో డంకర్క్ క్లబ్బుకి వెళ్తానన్నాడు. ఒప్పందం అయిపోయినా సరే, బదిలీ సొమ్ము కడితేనే వదులుతామన్నారు పాత వాళ్ళు. ఆ బదిలీ కుదరలేదు. జీతం నాలుగో వంతుకి తగ్గించి కూర్చోబెట్టారు. అతను కోర్టుకి వెళ్ళాడు. అయిదేళ్ళ తర్వాత 1995 డిసెంబరు 15న యూరోపియన్ కోర్టు తీర్పు ఇచ్చింది: ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్ దేశాల్లో బదిలీ సొమ్ము లేకుండా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఇవాళ పెద్ద ఆటగాళ్ళ జీతాలు ఆకాశంలో ఉండడానికి టీవీ డబ్బుతో పాటు ఈ తీర్పూ కారణమే. బోస్మాన్ మాత్రం ఆ లాభం తినలేదు. కేసు నడిచే అయిదేళ్ళలో అతని ఆట వయసు కరిగిపోయింది. తర్వాతి రోజుల్లో ఇబ్బందులు పడ్డాడు.

అంతకు ముందు ఇంగ్లండ్‌లో ఇంకా ఘోరం. 1961 దాకా వారానికి 20 పౌండ్లకి మించి జీతం ఇవ్వకూడదని గరిష్ఠ పరిమితి ఉండేది. స్టేడియం నిండి పొంగిపోతున్నా సరే. ఆటగాళ్ళ సంఘం సమ్మె చేస్తామని బెదిరిస్తే గానీ అది పోలేదు. ఈ ఆటలో ఆటగాడికి దక్కిందంతా కాగితం మీద పోట్లాడి తెచ్చుకున్నదే. మా కుర్రాడి దగ్గర పోట్లాడటానికి కాగితమే లేదు.

కొంతమంది తండ్రులు నన్ను అడుగుతుంటారు: సార్, మావాడు ఆడితే లైఫ్ సెటిల్ అవుతుందా? మీ ప్రారంభోత్సవ ఉపన్యాసాల్లో రొనాల్డో సంపాదన చెప్తారే, దాని ఫలితం ఈ ప్రశ్న. ప్రపంచ ఆటగాళ్ళ సంఘం ఫిఫ్‌ప్రో 2016లో 54 దేశాల్లో దాదాపు 14 వేల మంది వృత్తి ఆటగాళ్ళని అడిగింది. వాళ్ళలో 45 శాతం మంది నెల సంపాదన వెయ్యి డాలర్ల లోపే. 41 శాతం మందికి ముందు రెండేళ్ళలో జీతం ఆలస్యంగా అందిన అనుభవం ఉంది. ఉపన్యాసంలో ఈ అంకె కూడా చెప్పండి. తండ్రులకి టెన్షన్ పెరుగుతుందేమో, పెరగనివ్వండి.

మన దేశం సంగతి వేరే చెప్పాలా? ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్, 2014లో సినిమా తారలతో, బాణసంచాతో మొదలైంది. ఆ లీగ్ నిలబడిన వాణిజ్య ఒప్పందం 2010 నాటిది, పదిహేనేళ్ళది, 2025తో తీరిపోతుందని అందరికీ ముందే తెలుసు. తెలిసి కూడా కొత్తది సమయానికి కుదరక ఆ ఏటి సీజన్ ఆగింది. దేశానికి ఆడే వాళ్ళు కూడా మమ్మల్ని ఆడనివ్వండి అని బహిరంగంగా వేడుకున్నారు. మన తెలుగు వాళ్ళ ముచ్చట కూడా ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. రెండేళ్ళు తిరక్కముందే జీతాల బకాయిలతో ఆటగాళ్ళు చెల్లాచెదురయ్యారు. 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళి పేరు మార్చుకుంది. హైదరాబాద్‌లో ఎవరినీ అడగలేదు, అడగాల్సిన నియమమూ లేదు. జర్మనీలో అయితే క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలో ఉండాలని నియమం పెట్టుకున్నారు. అక్కడ ఊరు ఊరుకోదు.

ఒకప్పుడు అదే హైదరాబాద్ వేరేగా ఉండేది. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ స్కూలు మాస్టారు. ఈ మాట రాసేటప్పుడు నా ఛాతీ కొంచెం ఉబ్బుతుంది, క్షమించాలి. ఆయన కోచ్‌గా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం సాధించాం. ఆ పోలీసు జట్టు ఆటగాళ్ళకి కోట్లు లేవు. పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. నెల తిరిగితే జీతం, మోకాలు పోయినా జీతం, తర్వాత పెన్షన్. పేదింటి పిల్లవాడు ధైర్యంగా పరిగెత్తాలంటే అలాంటి నేల కింద ఉండాలి.

ఆ నేల మన దగ్గర ఇప్పుడు కొంత ఉంది. 2025 మెగా డీఎస్సీలో క్రీడా కోటాకి 3 శాతం పోస్టులు ఇచ్చారు. నా దగ్గర ఆడిన ఒక అమ్మాయి సంతోషంగా ఫోను చేసి, సార్ నేను ఫలానా ఏడు ఆడానని సర్టిఫికెట్టు ఇప్పించండి అంది. ఆ టోర్నమెంటు జరిపిన కమిటీ దగ్గరికి వెళ్ళాను. రికార్డు లేదు. ఎవరు ఆడారో రాసుకోలేదట. ఖర్చుల పుస్తకం మాత్రం చక్కగా ఉంది. డీజేకి ఎంత, ఫ్లెక్సీలకి ఎంత, శాలువాలు ఎన్ని, అన్నీ పైసలతో సహా రాశారు. ఆ అమ్మాయి గోల్ వేసిన రోజు కొన్న కూల్ డ్రింకుల బిల్లు కూడా ఉంది.

అందుకని అడుగుతున్నాను. ఈ ఏడు కప్పు పెట్టే ముందు ఒక రిజిస్టరు పెట్టండి. పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడు, ఏ మ్యాచ్ ఆడాడు. అంతే. మ్యాచ్ అయ్యాక ఇద్దరు కెప్టెన్లు, రిఫరీ సంతకం చేస్తారు. జిల్లా సంఘానికి అనుబంధంగా ఉన్న ఒక క్లబ్బు కింద పిలకాయల్ని చేర్చి, జాతీయ సమాఖ్య రిజిస్ట్రేషన్‌లో ఎక్కించండి. కంప్యూటర్ పని కదా, మాకు రాదంటారా, మీ కమిటీలో సెల్లు పక్కన పెట్టని కుర్రాళ్ళు ఎంతమంది లేరు! వయసు దొంగతనం కూడా దీంతో కొంత తగ్గుతుంది. పదహారేళ్ళ లోపు పోటీ అని పెడతారు, గడ్డం గీసుకుని వస్తాడు ఒకడు. ఎద్దుకైతే పళ్ళు చూస్తాం. పిల్లవాడి వయసు ఆరో తరగతిలో రాసి పెట్టుకుంటే, పదేళ్ళ తర్వాత దాన్ని దిద్దడం ఎవరి తరమూ కాదు.

రెండోది డబ్బు సంగతి. మూడు రాత్రుల నాకౌట్‌కి మీరు పెట్టే ఖర్చు నాకు తెలుసు, నేను డయాస్ మీదే కూర్చుంటాను కదా. నాకౌట్‌లో సగం టీములు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోతాయి. ఎంట్రీ ఫీజు కట్టి, ఆటో మాట్లాడుకుని, గంట ఆడి. ఆ డబ్బులో సగంతో పదమూడేళ్ళ లోపు పిలకాయలకి ఆదివారం ఆదివారం లీగ్ నడుస్తుంది, ఎనిమిది ఊళ్ళు, పద్నాలుగు వారాలు. షీల్డు చిన్నదైనా ఫరవాలేదు. బయటి టీములు వద్దని నేననను, సరదా ఉండాలి, జనం రావాలి. టీముకి ఇద్దరో ముగ్గురో అని హద్దు పెట్టండి. తెచ్చిన వాళ్ళకి కూడా ప్రమాద బీమా చేయించండి. ఒక ఫ్లెక్సీ తగ్గితే సరిపోతుంది. మీ ముఖం ఉన్న ఫ్లెక్సీ అయితే నేను పట్టుబట్టను, ఇంకొకరిది తగ్గించండి.

ఆడపిల్లల సంగతి ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు గానీ, మన రెండు జిల్లాల్లో అది ఇంకా ఒక్క మాట దగ్గరే ఉంది: నిక్కరు. నిక్కరు వేసుకుంటే ఊరేమంటుంది అని. ట్రాక్ ప్యాంటుతో ఆడనివ్వండి, ఏ రిఫరీ ఆపుతాడో నేను చూస్తాను. అనంతపురం పల్లెల్లో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఆడపిల్లల్ని గ్రౌండుకి తెచ్చారు, అక్కడ ఊళ్ళేమీ కొట్టుకుపోలేదు. మీ లీగ్‌లో ఎనిమిది ఊళ్ళుంటే ప్రతి ఊరూ అమ్మాయిల టీము తేవాలని రూలు పెట్టండి, తేకపోతే అబ్బాయిల టీముకి పాయింట్లు కోసేయండి. అప్పుడు అన్నలే చెల్లెళ్ళని సైకిలెక్కించుకుని తీసుకొస్తారు.

ఇక అకాడమీల పేరుతో పిల్లల్ని తీసుకెళ్ళే వాళ్ళ విషయం. మీ టోర్నమెంటుకి అలాంటి వాళ్ళు వస్తే ముందు కమిటీతో మాట్లాడమనండి. ఎన్నేళ్ళకి, దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, చదువు ఎక్కడ, వెనక్కి రావాలంటే ఏం చేయాలి, అన్నీ తెలుగులో రాసి తండ్రి చేతిలో ఒక కాపీ పెట్టాలి. ఒరిజినల్స్ ఇవ్వొద్దు. జిరాక్సు చాలు. అడిగితే చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయేవాడు వెళ్ళిపోనివ్వండి.

నేను చేయగలిగింది నేను మొదలుపెట్టాను. రెండు వందల పేజీల లెడ్జరు కొని గీతలు కొట్టుకున్నాను. మా గ్రౌండుకి పొద్దున వచ్చే పిలకాయలు ఇవాల్టికి నలభై ఒక్క మంది, అందులో ఆడపిల్లలు తొమ్మిది మంది. యానాది కాలనీ నుంచి వచ్చే ఇద్దరికి పుట్టిన తేదీ కాగితాలే లేవు. వాటి కోసం సచివాలయం చుట్టూ తిరుగుతున్నాను. వచ్చేది దసరా సెలవులు, మీరంతా సంక్రాంతి టోర్నమెంటు కోసం చందాల పుస్తకాలు అచ్చేయించే రోజులు. సెలవుల్లో మొదటి ఆదివారం పొద్దున పది గంటలకి నెల్లూరు వీఆర్‌సీ గ్రౌండు దగ్గర చెట్టు కింద కూర్చుంటాను. ప్రతి కమిటీ నుంచి ఒక్కరు రండి, పాత ఆహ్వాన పత్రికల వెనక రాసిన టీము లిస్టులు ఏమైనా మిగిలి ఉంటే అవి కూడా పట్టుకు రండి. ఒంగోలు నుంచి వచ్చే వాళ్ళకి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, చేపల పులుసు. ముందు రోజు చెప్తే చాలు.

లెడ్జరులో ప్రతి పేజీ పైన ‘కోచ్’ అని ఒక గడి కొట్టాను. పదమూడేళ్ళ లోపు పిలకాయల పేజీలో ఆ గడి ఇంకా ఖాళీగా ఉంచాను. మేత ఆటో నడిపే కుర్రాణ్ణి అడిగాను. పొద్దున లోడు ఉంటుంది సార్, ఏడు తర్వాతైతే చూస్తాను అన్నాడు. పిలకాయలకి చెప్పి టైము ఏడున్నరకి మార్చాను.

ఇట్లు,
మీ డ్రిల్లు మాస్టారు,
నెల్లూరు